ఊరి పత్రిక లేని జర్నలిజం కాలేజీ

(స్మారక ధర్మనిధి ఉపన్యాసం: ముద్రిత పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన పూర్తి పేరు ఆహ్వానపత్రిక మీద ఉంది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఆ పేరు పెట్టి పిలవగా నేను ఎప్పుడూ వినలేదు. నేనూ మాస్టారనే అంటాను. ఆయన గుణగణాలను ముందు మాట్లాడిన పెద్దలు చాలానే చెప్పారు. మాస్టారే ఈ సభలో ఉంటే అందులో సగం కొట్టేసి, మిగతా సగానికి ఆధారమేమిటని పక్కన రాసేవారు. అందుకని ఆయన్ను పొగడటం మానేసి, ఆయన చివరిదాకా తేల్చుకోవాలని చూసిన ఒక ప్రశ్నను తీసుకుంటాను. చిన్న ప్రైవేటు కాలేజీలో జర్నలిజం చదివితే ఏమొస్తుంది?

ఏటా అడ్మిషన్ల రోజుల్లో మన ఆఫీసు గది ముందు వినపడే ప్రశ్నే ఇది. బి.కాం.కీ కంప్యూటర్స్‌కీ వరుస పొడుగ్గా ఉంటుంది. మాస్ కమ్యూనికేషన్ ఫారం అడిగిన పిల్లను తండ్రి ఒక మాటు వరండాలోకి పిలిచి, మాట్లాడి, మళ్ళీ వస్తాడు. ఆయన బెంగంతా ఉద్యోగం గురించి. ఫీజు కట్టేవాడికి ఆ మాత్రం అడిగే హక్కుంది. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

తెలుగు పత్రికల వాకిలి దగ్గర జర్నలిజం డిగ్రీ చూపించమని అడిగేవాళ్ళు ఏనాడూ పెద్దగా లేరు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలైంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1989లో ఆ పత్రిక జిల్లా సంచికలు తెచ్చింది. అంతకు ముందు మన పల్లె పేరు పేపర్లో పడాలంటే హత్య జరగాలి, తుపాను రావాలి, లేదా మంత్రిగారు రావాలి. జిల్లా పేజీలు వచ్చాక బోరింగు చెడిపోయినా వార్తే అయింది. మండలానికో విలేకరి, జిల్లాకో డెస్కు కావలసి వచ్చింది. అంతమందిని విశ్వవిద్యాలయాల జర్నలిజం శాఖలు ఎక్కడి నుంచి తెస్తాయి? అందుకే పత్రికలు తమకు కావలసిన మనుషులను తామే తయారు చేసుకున్నాయి. ఈనాడు జర్నలిజం స్కూలు, ఆ తర్వాత ఆంధ్రజ్యోతిది, సాక్షిది ఈ అవసరంలోంచి పుట్టినవే. ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. రాత పరీక్ష ఉంటుంది, ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువాదం ఉంటుంది, వర్తమాన విషయాలు ఉంటాయి, ఆపైన ఇంటర్వ్యూ. శిక్షణ కాలంలో భృతి ఇస్తారు. తర్వాత కొన్నేళ్ళు అక్కడే పని చేస్తానని ఒప్పందం రాయించుకుంటారు. మూడేళ్ళు ఇక్కడ జర్నలిజం చదివిన మన పిల్లవాడు, బోటనీ చదివినవాడి పక్క బల్ల మీద కూర్చుని అదే ప్రశ్నపత్రం రాస్తాడు. ఈ ముక్క ఏ కాలేజీ బ్రోషర్లోనూ అచ్చు కాదు. వరండాలో నిలబడ్డ ఆ తండ్రికి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

పత్రికల స్కూళ్ళను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అక్కడ తయారైనవాళ్ళ పక్కన డెస్కులో పనిచేసినవాణ్ణి. రాత్రి పదకొండు దాటాక వచ్చిన వార్తను ఎడిషన్ వెళ్ళేలోగా కుదించి, శీర్షిక పెట్టి, పేజీలో కూర్చోబెట్టడం వాళ్ళకు వచ్చినంత బాగా మన విద్యార్థులకు రాదు. రాయించి, ఎర్ర సిరాతో దిద్ది, మళ్ళీ రాయించే ఓపిక, అందుకు కావలసిన డబ్బు ఆ సంస్థలకు ఉన్నాయి. తెలుగు రాయడం సరిగా వచ్చిన రెండు తరాల జర్నలిస్టులు వాళ్ళ చలవే. అయితే ఏ వార్త వేయాలో నేర్చుకున్న చోటే ఏది వేయకూడదో కూడా తెలిసిపోతుంది. ఎవరూ పాఠంగా చెప్పరు. ఒకటి రెండు వార్తలు పేజీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసరికి ఎవరికి వాళ్ళే గ్రహిస్తారు.

మాస్టారి వాదం ఇక్కడ మొదలవుతుంది. చిన్న కాలేజీకి స్టూడియో లేకపోవచ్చు, గ్రంథాలయంలో పుస్తకాలు పాతవి కావచ్చు, చెప్పేవాళ్ళు గంటల లెక్కన వచ్చిపోయే అతిథి అధ్యాపకులు కావచ్చు. దానికున్న ఆస్తి ఒకటే: అది ఏ పత్రిక యజమానిదీ కాదు, ఏ ఛానల్‌దీ కాదు. ఊళ్ళో పాతికమంది పిల్లలు, వాళ్ళ చేతిలో ఫోన్లు, మూడేళ్ళ వ్యవధి, సర్క్యులేషన్ బెంగ లేదు, యాడ్ టార్గెట్ లేదు. ఇంతటి తీరిక, ఇంతటి స్వేచ్ఛ రాష్ట్రంలో ఏ న్యూస్‌రూంలో ఉన్నాయి? ఈ ఆస్తిని వాడకుండా ఒక గదికి ఆకుపచ్చ తెర కట్టి, పిల్లల చేత టీవీ యాంకర్ల గొంతును అనుకరింపజేయడం ఆయనకు మహా చిరాకు. ‘పెళ్ళి వీడియో తీసేవాడికి అంతకంటే మంచి కెమెరా ఉంది’ అనేవారు.

జర్నలిజం నేర్పితే వచ్చేదా అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. పాతతరం సంపాదకుల్లో ముట్నూరి కృష్ణారావు ఏ జర్నలిజం కాలేజీలో చదివారు? నార్ల ఎక్కడ డిప్లొమా తీసుకున్నారు? వినడానికి బాగుంటుంది ఈ మాట. కానీ వాళ్ళెవరూ చదువు లేకుండా పత్రిక పెట్టినవాళ్ళు కారు. స్వాతంత్ర్యోద్యమం, గ్రంథాలయోద్యమం, కోర్టు వరండాలు, రాత్రిళ్ళు మేలుకుని చదివిన పుస్తకాలు, ఇవన్నీ వాళ్ళకు కాలేజీలు. ఆ కాలేజీలు ఇప్పుడు లేవు.

తమాషా ఏమిటంటే ప్రపంచంలో తొలి జర్నలిజం కళాశాలల్లో ఒకటి పెట్టిన మనిషికి కాలేజీ డిగ్రీ లేదు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియా అనే చిన్న ఊళ్ళో వాల్టర్ విలియమ్స్ అనే పత్రికా సంపాదకుడు 1908 సెప్టెంబరు 14న విశ్వవిద్యాలయంలో ఆ కళాశాల తెరిచాడు. తరగతులు మొదలైన రోజునే విద్యార్థులు పత్రిక తెచ్చారు. కాలేజీ గోడల మధ్య తిరిగే వార్షిక సంచిక లాంటిది కాదది. ఊరి వార్తలు రాసి ఊరికి అమ్మిన పత్రిక. పేరు ‘యూనివర్సిటీ మిస్సోరియన్’. తర్వాత ‘కొలంబియా మిస్సోరియన్’ అయింది. అదే రాష్ట్రంతో అనుబంధం ఉన్న పత్రికాధిపతి పులిట్జర్ న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి ఇరవై లక్షల డాలర్లు ఇస్తే, అక్కడి జర్నలిజం స్కూలు ఆయన చనిపోయిన మరుసటి ఏడు, 1912లో గానీ తెరుచుకోలేదు. పెద్ద చోట్ల చర్చ ఎక్కువ. చిన్న ఊళ్ళో పేపరు మొదటి రోజే బయటికొచ్చింది.

మిస్సోరీలో చదివి వచ్చిన పృథ్వీపాల్ సింగ్ 1941లో లాహోరులో, పంజాబ్ విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ ప్రారంభించారు. దేశవిభజన తర్వాత అది ఢిల్లీకి తరలింది. ఇంకా వెనక్కి వెళితే 1920లో అనీబిసెంట్ అడయారులో ఒక జర్నలిజం కోర్సు పెట్టి, విద్యార్థులకు తన ‘న్యూ ఇండియా’ పత్రికలో పని నేర్పించారు. 1947లో మద్రాసు, 1951లో మైసూరు మహారాజా కళాశాల, 1954లో మన ఉస్మానియా. నాకు వీటన్నిటికంటే ఆసక్తి కలిగించేది నాగపూరు. అక్కడి హిస్లాప్ కాలేజీ స్కాట్లండ్ మిషనరీ పేరు మీద వెలసిన ప్రైవేటు కళాశాల. సిరక్యూజ్ విశ్వవిద్యాలయం నుంచి ఫుల్‌బ్రైట్ పథకం కింద వచ్చిన రోలండ్ వోల్స్‌లీ 1952లో అక్కడ జర్నలిజం శాఖ నెలకొల్పారు. అంటే ఉస్మానియా కంటే ముందే ఒక ప్రైవేటు కాలేజీ ఈ చదువు చెప్పింది. ప్రైవేటు కాలేజీలో జర్నలిజమా అని ముఖం చిట్లించేవాళ్ళకు ఈ సంవత్సరాలు గుర్తు చేయాలి.

మనకు అంత దూరం కూడా అక్కర్లేదు. బందరు ఇక్కడికి బస్సులో గంటన్నర. ఆ ఊళ్ళో 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. 1907 నుంచి చనిపోయేదాకా, 1945 వరకు, ముట్నూరి దాని సంపాదకుడు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. సర్కారు గుర్తింపు కోరని చదువు అది. పట్టాభి 1919లో ‘జన్మభూమి’ అనే ఇంగ్లిషు వారపత్రిక కూడా నడిపారు. ఆ కళాశాలలో జర్నలిజం అనే సబ్జెక్టు లేదు. అయినా పత్రిక, కళాశాల ఒకే స్నేహితుల చేతుల్లో, ఒకే వీధుల్లో నడిచాయి. మద్రాసు కాదు, బెజవాడ కాదు, బందరు. జిల్లా కేంద్రంలో అచ్చయిన వారపత్రికను ఆంధ్రదేశమంతా ఎదురుచూసి చదివిన రోజులున్నాయి. ఊరు చిన్నదైతే పత్రిక చిన్నదవ్వాలని లేదు.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి పాతకాలం వదిలేస్తాను. 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి బి.ఎల్. చదివినవారు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అన్నారు. మామూలుగా అయితే ఘాటుగా ఒక సంపాదకీయం రాసి ఊరుకోవచ్చు. ఆయన ఊరూరి నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. కోపం వచ్చినప్పుడు లెక్క తీసి చూపించడం అది. మాస్టారు మొదటి తరగతిలో చెప్పే పాఠం ఇదే. లీడ్ ఎలా రాయాలి, ఎవరు ఎప్పుడు ఎక్కడ అనే ప్రశ్నలు తర్వాత.

ఆయన నడిపిన పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడున్న కొత్త విద్యార్థులు దాన్ని చూడలేదు.

మొదటి సెమిస్టర్లో ప్రెస్ నోటు ముట్టుకోకూడదని నియమం. ప్రెస్ మీట్‌కు వెళ్ళకూడదు. ప్రతి విద్యార్థికీ ఒక ఆఫీసు కేటాయించేవారు. ఒకరికి తహసీల్దారు కార్యాలయం, ఒకరికి పురపాలక సంఘం, ఒకరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఒకరికి మార్కెట్ యార్డు, ఒకరికి మెజిస్ట్రేట్ కోర్టు. అక్కడ పుట్టే కాగితాలేమిటో, అవి ఏ రిజిస్టరులో ఎక్కుతాయో, ఎవరు సంతకం చేస్తారో కనుక్కుని రావాలి. వార్త రాయక్కర్లేదు, కాగితం చదవడం వస్తే చాలు. భూమి రికార్డుల్లో అడంగల్ ఏమిటి, 1-బి ఏమిటి తెలియనివాడు భూతగాదా రాయడానికి వీల్లేదనేవారు. కౌన్సిల్ అజెండా సమావేశానికి ముందే సభ్యులకు అందుతుంది. దాన్ని ముందే చదివి వెళ్ళిన విలేకరికీ, సమావేశంలో ఎవరు మైకు విరిచారో చూడటానికి వెళ్ళిన విలేకరికీ తేడా ఎంతో ఆ పిల్లలు మూడు నెలల్లో చెప్పగలిగేవారు.

ఎఫ్.ఐ.ఆర్. చదవడం మీద ఆయన వారాల తరబడి కూర్చోబెట్టేవారు. సున్నితమైన కేసులు మినహా ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మన జిల్లా పేజీల్లో నేర వార్త ఇప్పటికీ ఎస్సైగారు ఫోన్లో చెప్పిన కథే. ఫిర్యాదులో ఏముంది, పోలీసులు ఏ సెక్షన్ పెట్టారు, చెప్పినదానికీ రాసినదానికీ ఎక్కడ తేడా ఉంది, ఇవి చూడమనేవారు. 2024 జులై 1న కొత్త నేర చట్టాలు వచ్చాక, అనుమానాస్పద మృతిలో శవపంచనామా సెక్షన్ 174 నుంచి 194 అయింది. ఒంట్లో బాగోలేకపోయినా ఆయన పాత నోట్సులన్నీ తీసి ఆ అంకెలు చేత్తో దిద్దారు. ఆ దిద్దిన ప్రతి ఇప్పటికీ డిపార్టుమెంటు బీరువాలో ఉంది, చూడండి.

సమాచార హక్కు దరఖాస్తు రెండో సెమిస్టర్లో ప్రాక్టికల్. మార్కులు దానికే. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. ఈ మాత్రం తెలియక పట్టభద్రులైన జర్నలిస్టులు ఎంతమందో! దరఖాస్తు ఎలా రాయకూడదో కూడా ఆయన చెప్పేవారు. ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే జవాబు రాదు, ‘ఏ తేదీన ఎంత ఖర్చు రాశారో ఆ పేజీ నకలు ఇవ్వండి’ అని అడిగితే వస్తుంది.

ఒక బృందం చేసిన పని చెబుతాను. ఒక ఊళ్ళో రక్షిత నీటి ట్యాంకు మీద కడిగిన తేదీ, మళ్ళీ కడగవలసిన తేదీ రంగుతో రాసి ఉంటాయి కదా. తేదీ తాజాగానే ఉంది. ఒకమ్మాయి మెట్ల గేటుకు వేసిన తాళం చూసింది. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చుట్టూ పిచ్చిమొక్కలు తొక్కిన జాడ లేకుండా ఎదిగాయి. తేదీ రాయడానికి నిచ్చెన చాలు, ట్యాంకు కడగాలంటే గేటు తెరవాలి. ఇది చూసి పరుగెత్తుకొచ్చి వార్త రాసింది. మాస్టారు వేయలేదు. బ్లీచింగ్ పౌడరు కొన్న బిల్లు, కూలి చెల్లించిన వోచరు, లాగ్ పుస్తకం నకలు వచ్చేదాకా ఆపమన్నారు. నెల దాటాక కాగితాలొచ్చాయి. ట్యాంకు కడిగినట్టు కూలి రాశారు. అప్పుడు విద్యార్థులు తెచ్చే నాలుగు పేజీల ల్యాబ్ పత్రికలో పడింది. మర్నాడు దినపత్రికల వాళ్ళు తమ పేర్లతో వేసుకున్నారు. పిల్లలు లబలబలాడారు. ఆయనకు పేరెవరిదన్న పట్టింపు లేదు. వచ్చే నెల మళ్ళీ వెళ్ళి తాళం చూసి రమ్మన్నారు. ఆ తర్వాతి నెలా పంపారు.

చిన్న ఊరి జర్నలిజంలో పాఠ్యపుస్తకాలు చెప్పని చిక్కు ఒకటుంది. హైదరాబాదు విలేకరి ఎవరి గురించి రాశాడో వాళ్ళను మళ్ళీ జన్మలో చూడకపోవచ్చు. ఇక్కడ పొద్దున్నే టిఫిన్ సెంటర్లో ఎదురవుతారు. ఆ కూలి వోచరు మీద సంతకం పెట్టిన ఉద్యోగి కూతురు అదే తరగతిలో చదువుతుండవచ్చు. దీనివల్ల భయం పుడుతుంది, నిజమే. కానీ జాగ్రత్త కూడా పుడుతుంది. అతన్ని అడిగావా, అతనేమన్నాడు, అతను చెప్పింది పూర్తిగా రాశావా అని ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. లైంగిక దాడికి గురైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని పోక్సో చట్టం చెబుతుంది. నగరంలో పేరు తీసేస్తే పని అయిపోవచ్చు. మన దగ్గర వీధి, బడి, తండ్రి వృత్తి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి రాసినా ఊరందరికీ తెలిసిపోతుంది. జాతీయ పత్రికల్లో పనిచేసి వచ్చిన అతిథి అధ్యాపకులకు కూడా ఈ సంగతి మన విద్యార్థులే చెప్పాల్సి వచ్చింది.

ఇక ఇబ్బందులు. ఇందాక ఏ పత్రిక యజమానిదీ కాని కాలేజీ అన్నాను. యజమాని లేని కాలేజీ అనలేదు. ప్రైవేటు కాలేజీలకు యాజమాన్యాలుంటాయి. వాళ్ళకు భూములుంటాయి, వ్యాపారాలుంటాయి, బావమరిది కౌన్సిలరుగా ఉంటాడు. నేను పాఠం చెప్పిన ఒక కాలేజీలో విద్యార్థులు తమ హాస్టల్ మెస్ గురించి రాశారు. సరుకు కొన్న రసీదులు, తిన్న భోజనాల లెక్క పక్కపక్కన పెట్టారు. ఆ సంచిక అచ్చయి వచ్చి కట్టలు విప్పకుండానే మెట్ల కింద గదిలోకి వెళ్ళింది. మరుసటి ఏడు ఆ కోర్సుకు చాలినంత మంది చేరలేదని ఎత్తేశారు. చాలినంత మంది చేరని మాట నిజమే. ప్రైవేటు కాలేజీలో కోర్సు చనిపోవడానికి ఎవరూ చంపక్కర్లేదు. ప్రకటన వేయకపోతే చాలు. అందువల్ల స్వేచ్ఛ అనే ఈ ఆస్తి రాతపూర్వకంగా ఉండాలి. ల్యాబ్ పత్రిక సంపాదకత్వం డిపార్టుమెంటుదేననీ, అచ్చుకు ముందు ఆఫీసు గదికి పంపనక్కర్లేదనీ పాలకమండలి తీర్మానం చేయాలి. నోటిమాట స్వేచ్ఛ కొత్త ప్రిన్సిపాల్ వచ్చేదాకానే.

ఇక్కడి నుంచి వెళ్ళిన పిల్లలకు ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పుకోవాలి. డెస్కుల్లో చేరినవాళ్ళున్నారు. టీవీలకు వెళ్ళినవాళ్ళున్నారు. చాలామంది బి.ఇడి. చేశారు, గ్రూప్స్‌కు కూర్చున్నారు, ఆసుపత్రుల్లో పౌరసంబంధాల పనిలో కుదిరారు. మండల కంట్రిబ్యూటర్లుగా మిగిలినవాళ్ళ బతుకు మీకు తెలుసు. అచ్చయిన పంక్తుల లెక్కన, లైన్ అకౌంట్ కింద వచ్చే డబ్బు పెట్రోలుకు చాలదు. పైగా దసరాకు, సంక్రాంతికి, పత్రిక వార్షికోత్సవానికి ప్రకటనలు తేవాలి. ఉదయం ఎవరి మీద రాశాడో సాయంత్రం వాళ్ళ దగ్గరికే ప్రకటన కోసం వెళ్ళాలి. పత్రికల ఉద్యోగుల జీతాల మీద మజీఠియా వేతన సంఘం సిఫార్సులు 2011లో నోటిఫై అయ్యాయి, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. వాటి ప్రకారం జీతం అందుకున్న మండల విలేకరి ఇంతవరకు నాకు కనపడలేదు. కరోనా తర్వాత పేజీలు తగ్గాయి, మనుషులను తగ్గించారు. ఆ ఖాళీలోకి లోగో మైకులు వచ్చాయి. సంచిలో మైకు, మెడలో కార్డు, యూట్యూబ్‌లో ఒక పేరు. వాళ్ళలో నిఖార్సయిన విలేకరులు లేకపోలేదు. వసూళ్ళకు తిరిగేవాళ్ళ వల్ల వాళ్ళకూ చెడ్డపేరు వస్తోంది.

ఈ పరిస్థితిలో జర్నలిజం కోర్సు ఎందుకు నడపాలి అని ఒక కార్యవర్గ సభ్యులు ఇందాక టీ తాగుతూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఉద్యోగాల కోసమే అయితే నడపక్కర్లేదు, బి.కాం. సీట్లు పెంచుకోండి. నా జవాబు వేరే. మూడేళ్ళు కాగితాలు చదివి, జనాన్ని అడిగి, రాసినదానికి జవాబు చెప్పడం అలవాటైన పిల్ల తర్వాత టీచరైనా, పంచాయతీ కార్యదర్శి అయినా, ఇల్లు చూసుకుంటున్నా, ఆ ఊరికి ఉపయోగమే. గ్రామసభలో లేచి తీర్మానం నంబరు అడిగే మనిషి ఒకరుంటే అక్కడి వ్యవహారం వేరేగా ఉంటుంది. మన పూర్వ విద్యార్థుల్లో అలాంటివాళ్ళు పేపర్లలో ఉన్నవాళ్ళకంటే ఎక్కువ. మాస్టారు వాళ్ళను కూడా తన విలేకరుల లెక్కలోనే వేసుకునేవారు.

కాబట్టి నేను కోరేవి రెండు మూడు. మొదటిది బ్రోషరు. గడచిన అయిదేళ్ళలో ఈ కోర్సు చదివినవాళ్ళు ఇప్పుడు ఎక్కడ ఏం చేస్తున్నారో ఉన్నదున్నట్టు అందులో అచ్చువేయండి. అబద్ధపు బ్రోషరు పంచుతూ వార్తలో నిజం రాయమని పాఠం చెప్పలేం. ఆ పని విద్యార్థులకే అప్పగించండి. వాళ్ళ మొదటి పరిశోధన అదే అవుతుంది.

రెండోది ఊరి పత్రిక. మాస్టారి జబ్బుతో పాటే మన ల్యాబ్ పత్రిక ఆగిపోయింది. దాన్ని మళ్ళీ మొదలుపెట్టడం కాదు నేనడిగేది. కాలేజీ గేటు దాటి బయటికి వెళ్ళే పత్రిక కావాలి, పక్షానికి నాలుగు పేజీలు చాలు. బస్టాండులో, సెలూన్లో, టీ కొట్టులో దొరకాలి. ప్రజలకు అమ్మే పత్రికకు రిజిస్ట్రేషన్ ఉండాలి. 1867 నాటి చట్టం స్థానంలో 2023లో వచ్చిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులో ఉంది. దరఖాస్తు ప్రెస్ సేవా పోర్టల్‌లో చేసుకోవచ్చు. పరువునష్టం గురించి భయపడేవాళ్ళకు ఒక మాట. భారతీయ న్యాయసంహిత 356వ సెక్షన్‌లోనూ ప్రజాహితం కోసం రాసిన నిజానికి రక్షణ ఉంది, నిజమని చూపించే కాగితం దగ్గరుండాలంతే. అందుకే మాస్టారు ప్రతి వార్తకూ ఒక ఫైలు కట్టించేవారు.

మూడోది డబ్బు సంగతి. ఈ ధర్మనిధి మీద ఏటా వచ్చే వడ్డీ ఈ ఉపన్యాసానికి, శాలువాకు, జ్ఞాపికకు, ఈ భోజనాలకు సరిపోతోంది. ఉపన్యాసాలు వినడం మాస్టారికి పెద్దగా ఇష్టముండేది కాదు. వచ్చే ఏటి నుంచి వక్తకు శాలువా మానండి, జ్ఞాపిక మానండి, నా ప్రయాణ ఖర్చులు కూడా నాకొద్దు. ఆ డబ్బు న్యూస్‌ప్రింటుకు, సమాచార హక్కు కింద తీసుకునే నకళ్ళకు, విద్యార్థుల బస్సు చార్జీలకు కేటాయిస్తూ ఈ రోజే తీర్మానం చేయండి. కార్యవర్గ సభ్యులందరూ ఇక్కడే ఉన్నారు, కోరం ఉంది.